ఫ్యాను శబ్దం

నివేదికలో మూడు వాక్యాలకు మించి రాయకూడదని ఆమె ముందే అనుకుంది. మూడూ నిజాలే అయి ఉండాలి. ఒక మనిషి ఉద్యోగం గురించి రాసేటప్పుడు విశేషణాలు వాడటం తప్పని ఆమె నమ్మకం.

ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం బల్ల మీద గాజు పలక కింద ఉంది. ఆ చిన్న రేడియో స్టేషన్‌లో ఉన్న రెండు పెద్ద పోస్టుల్లో ఇక ఒకటే మిగులుతుంది. ఒకటి ఆమెది. ఆమె స్టేషన్ మేనేజరు, సాయంత్రం ఆరు గంటలకు శ్రోతల ఉత్తరాలు చదివేదీ ఆమే. రెండోది రికార్డింగు పని చూసే ఆయనది. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో పైవాళ్లే తేలుస్తారట. ముందుగా మేనేజరు ఆయన పనితీరు మీద తన అభిప్రాయం రాసి పంపాలి. దాని కింద ఆయన సంజాయిషీకి ఐదు గీతల చోటు వదిలారు. ఆమె పనితీరు గురించి ఎవరైనా ఏమైనా చెప్పదలుచుకుంటే ఆ ఐదు గీతల్లోనే చెప్పాలి.

ఆమె కలం మూత తీసి, ఉత్తరాలు చదివేటంత నిదానంగా రాసింది.

ఒకటి, వీరికి మూడేళ్లుగా కుడి చెవి సరిగా వినబడటం లేదు. రెండు, అరగంట కార్యక్రమాన్ని సిద్ధం చేయడానికి వీరు ప్రతిరోజూ రెండు గంటలకు పైగా తీసుకుంటున్నారు. మూడు, ప్రత్యక్ష ప్రసారంగా సాగుతూ వచ్చిన ఉత్తరాల కార్యక్రమాన్ని రెండేళ్ల క్రితం వీరి ఒత్తిడి మీదే ముందుగా రికార్డు చేసే పద్ధతికి మార్చవలసి వచ్చింది.

చదువుకుంది. ఒక్క మాట కూడా కొట్టేయాల్సినది కనబడలేదు. సంతకం పెట్టి, కాగితం సొరుగులో పెట్టి, పదకొండు అవుతోందని స్టూడియోలోకి వెళ్లింది.

ఊళ్లో ఆమెను ఆరుగంటలమ్మ అంటారు. కూరగాయల కొట్టులో ఆమె గొంతు విప్పితే చాలు, తూకం వేసేవాడు చెయ్యి ఆపి తలెత్తి చూస్తాడు. ఆయన్ని మాత్రం స్టేషన్‌లో ఇంజినీరు గారంటారు. ఆయనకు ఇంజినీరింగు పట్టా లేదు. ఎవరో మొదట్లో ఎగతాళికి అన్న మాట, తర్వాత ఎగతాళి పోయి మర్యాదగా మిగిలింది.

అద్దానికి అవతల ఇంజినీరు గారు కుర్చీని కాస్త కుడికి తిప్పుకొని కూర్చున్నాడు. ఎడమ చెవి ఆమె వైపు ఉండాలని. కళ్లు తెర మీద కదిలే పచ్చ గీత మీద ఉన్నాయి. ఒక అరచెయ్యి స్పీకరు పెట్టె మీద, వేడి చూస్తున్నట్టుగా ఆనించి ఉంది. ఎర్ర దీపం వెలిగింది. ఆమె చదవడం మొదలుపెట్టింది. బస్సు కండక్టరు రాసిన ఉత్తరం ఒకటి, చెల్లెలి మీద అలిగిన అన్న రాసిన ఉత్తరం ఒకటి. ఊపిరి తీసుకోవాల్సిన చోట్ల పెన్సిలుతో చిన్న గీతలు పెట్టుకుంది.

రెండో పేజీ అయ్యాక చెవి దగ్గర ఆయన గొంతు వినబడింది. "ఫ్యాను శబ్దం వచ్చింది మేడం. ఆ పేజీ ఇంకొక్కసారి."

"మొన్ననేగా కొత్త ఫ్యాను వేయించాను."

"అదీ పాతబడింది మేడం."

"మూడు వారాలకా?"

"మన స్టేషన్ గాలి అలాంటిది. ఫ్యాన్లు కూడా మనతోపాటే ముసలవుతున్నాయి."

ఆమె నవ్వలేదు. పేజీ మళ్లీ చదివింది. రెండేళ్లలో ఆ గదికి ఇది మూడో ఫ్యాను. చెవి సరిగా లేని మనిషికి లేని శబ్దాలు వినబడతాయని ఎక్కడో చదివిన గుర్తు. ఇన్నాళ్లూ పైవాళ్లకు చెప్పకుండా తానే కడుపులో పెట్టుకొని కాపాడుకొస్తోంది. ఆ కాపాడటానికీ ఒక హద్దు ఉంటుంది కదా అనుకుంది.

పన్నెండుకు ఆమె బయటికి వచ్చింది. ఆయన రెండున్నర దాకా గదిలోంచి కదల్లేదు. తెచ్చుకున్న క్యారేజీ బల్ల కింద మూత తీయకుండానే ఉంది.

మూడింటికి ఆయన్ని తన గదికి పిలిచి, కాగితం ముందుకు తోసింది.

"ఇది రాయక తప్పలేదు. చదివి కింద మీరేమైనా రాయాలనుకుంటే రాయండి."

ఇంజినీరు గారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. చదివాడు. రెండో వాక్యం దగ్గర వేలు కాస్సేపు ఆగింది. తర్వాత మూడో వాక్యం మీదికి జరిగింది.

"ఐదు గీతలిచ్చారు," అన్నాడు. "ఎక్కువే."

"మీకు అన్యాయం అనిపిస్తే రాయండి. నేనేమీ అనుకోను."

"అన్యాయమేముంది మేడం. ఉన్నదేగా రాశారు."

ఆమె కలమే తీసుకొని మొదటి గీత మీద రాశాడు. 'పై మూడు విషయాలూ నిజమే. నేను చేర్చవలసినది ఏమీ లేదు.' సంతకం కింద తేదీ వేసి, సిరా ఆరేదాకా కాగితం మీద ఊది, ఆమె చేతికిచ్చాడు.

ఆ మనిషి దెబ్బలాడి ఉంటే ఆమెకు ఆ రాత్రి కాస్త నిద్ర పట్టేది.

ఉత్తర్వు గురువారం వచ్చింది. ఆమె పోస్టు ఉంటుంది. శుక్రవారం ఆయనకు ఆఖరి రోజు. వార్తలు చదివే అమ్మాయి, కాపలా మనిషి, ఆమె, ఆయన, నలుగురూ నిలబడి టీ తాగారు. ఆమె నాలుగు మంచి మాటలు చెప్పింది. ఆ మాటలు ఆమె గొంతులో బాగా పలుకుతాయి. వార్తల అమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఇంజినీరు గారు గ్లాసు కడిగి బోర్లించి, స్టూడియోలోకి వెళ్లాడు.

ఆమె తాళం కోసం వెనకే వెళ్లింది. ఆయన మైకు మీది స్పాంజి తొడుగు తీసి దులిపి మళ్లీ తొడుగుతున్నాడు, చంటిపిల్లకు టోపీ పెట్టినట్టు.

"ఒక మాట మేడం. లైవ్ మాత్రం చేయకండి."

"ఎందుకని?"

"వద్దులెండి. రికార్డే చేసుకోండి. ఇంకోటి, చదివేసిన పేజీని దొంతరలో కిందికి తోయకండి. కుడి పక్కన బోర్లా పెట్టేయండి. కళ్లకు కనబడకుండా."

"ముప్ఫై ఏళ్ల నుంచి చదువుతున్నాను నేను."

"ముప్ఫై ఒకటి," అన్నాడు ఆయన. తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

సోమవారం ప్రధాన కార్యాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. రెండు రోజులుండి కొత్త పద్ధతి నేర్పి వెళ్తుందట. చురుకైన పిల్ల. వచ్చీరాగానే ఇంజినీరు గారి కుర్చీ పక్కకు లాగేసి, నిలబడే పని చేసింది.

"ఇక మధ్యలో ఎవరూ అక్కర్లేదు మేడం. మీరు చదవండి, అయిపోగానే ఈ మీట నొక్కండి. ఆరింటికి దానంతట అదే వెళ్లిపోతుంది."

"ఎవరూ వినక్కర్లేదా?"

"మీ అంతటివాళ్లు చదివితే ఇంకా వినేదేముంది మేడం?"

ఆమె చదివింది. ఎవరూ ఆపలేదు. ఫ్యాను శబ్దమని ఎవరూ అనలేదు. ముప్ఫై ఒక్క నిమిషంలో పని అయిపోయింది. ఆమె మీట నొక్కి బయటికి వచ్చి చేతి గడియారం చూసుకుంది. రెండు గంటలెక్కడ, ముప్ఫై ఒక్క నిమిషమెక్కడ. రాసినదానిలో అబద్ధం లేదని మరోసారి రుజువైనట్టనిపించి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆకలి వేసింది.

ఆరింటికి ఆమె ఎప్పట్లాగే తన గదిలో తలుపు వేసుకొని ఫైళ్లు చూసుకుంది. తన కార్యక్రమం తాను వినే అలవాటు ఆమెకు లేదు. తన గొంతు తాను వినడమంటే అద్దం ముందు కూర్చొని భోంచేయడం లాంటిదని నవ్వుతూ చెబుతుండేది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఊరంతా విన్నది, ఆమె వినలేదు.

ఇంటికి వెళ్లేసరికి అక్క మంచం మీద ఉతికిన బట్టలు పోసుకొని మడతలు పెడుతోంది. అక్కాచెల్లెళ్లిద్దరే ఉంటారు ఆ ఇంట్లో. పన్నెండేళ్లుగా అంతే. అక్క ఆరింటికి రేడియో పెట్టుకొని బట్టలు మడత పెట్టడం కూడా అంతే.

"ఏమే, ఒంట్లో బాగా లేదా?" అంది అక్క తలెత్తకుండా.

"బాగానే ఉందే. ఏం?"

"ఆ నర్సమ్మ ఉత్తరం రెండుసార్లు చదివావు. కావాలనే చదివావేమో అనుకున్నాను, అంత గొప్ప ఉత్తరమేం కాదే అనీ అనుకున్నాను."

"నేనెందుకు రెండుసార్లు చదువుతాను? కొత్త మిషను పెట్టారు. అదేదో తిక్క చేసి ఉంటుంది."

"మిషను నీళ్లు కూడా తాగుతుందా? మధ్యలో ఒకచోట గుటక చప్పుడు వినబడింది, తర్వాత ఆగిపోయావు. కుళాయి కట్టేసినట్టు. నేను లేచి రేడియో వీపు మీద తట్టాను కూడా. అప్పుడు 'ఎక్కడున్నాం మనం' అన్నావు."

"నేనా?"

"కాదు, నేను." అక్క ఒక చీర కొంగు గడ్డం కింద అదిమి పట్టి సగానికి మడిచింది. "అయినా ఇంట్లో నువ్వు అంతేగా. పొద్దున పాలు పొయ్యి మీద పెట్టావా అని మూడుసార్లు అడిగావు. ఇదంతా ఇంట్లోనే చేస్తుంది, రేడియోలో మాత్రం తేనె పోసినట్టు ఎలా మాట్లాడుతుందబ్బా అని నాకు రెండేళ్ల నుంచి ఆశ్చర్యమే."

ఆమె చెప్పులు విప్పకుండా అలాగే నిలబడిపోయింది. అక్క ఇంకేదో అంటోంది. రెండేళ్లు అన్న మాట తర్వాత ఆమెకేమీ చెవికెక్కలేదు.

మంగళవారం పొద్దున్నే వెళ్లి, నిన్నటి రికార్డింగు మిషను పాడు చేసిందని ఆ అమ్మాయితో చెప్పింది. గొంతు కాస్త కటువుగానే పెట్టింది.

అమ్మాయి తెర దగ్గరికి వంగి ఏవో నొక్కి, రెండు నిమిషాలు చూసింది. "మిషను బాగానే ఉంది మేడం. మీరు చదివిందే వెళ్లింది." తర్వాత మాట మార్చాలని కాబోలు, "ఇందులో ప్రతిరోజువీ రెండేసి ఉన్నాయి మేడం. ప్రసారమైంది ఒకటి, మొదట రికార్డు చేసింది ఒకటి. మొదటిది మూడు నెలలు దాచాలని రూలుందిగా, అందుకు ఉంచినట్టున్నారు. పేరు మాత్రం అన్నిటికీ ఫ్యాను, ఫ్యాను, ఫ్యాను అని పెట్టారు. ఇవి తుడిచేయనా?" అంది.

"నువ్వు వెళ్లి టీ తాగిరా," అంది ఆమె.

తలుపు వేసి, ఇంజినీరు గారి కుర్చీని మూల నుంచి లాక్కొచ్చి కూర్చుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకొని, కంటికి కనబడిన తేదీ ఒకటి నొక్కింది.

మొదట ఎవరిదో గొంతు అనుకుంది. ఒక వాక్యం సగం దాకా వచ్చి ఆగింది. కాగితాల చప్పుడు. మళ్లీ అదే వాక్యం మొదటి నుంచి. ఒక పేరు దగ్గర గొంతు తడుముకుంది, చీకట్లో మెట్టు కోసం కాలు వెతికినట్టు. పై ఉత్తరంలోని పేరు తెచ్చి కింది ఉత్తరంలో పెట్టింది. చాలాసేపు నిశ్శబ్దం. దూరంగా ఇంజినీరు గారి గొంతు, "ఫ్యాను శబ్దం వచ్చింది మేడం. ఆ పేజీ ఇంకొక్కసారి." మళ్లీ చదివింది. ఈసారి ఇంకోచోట తప్పింది. "ఇంకొక్కసారి మేడం. ఈ ఫ్యానుతో చస్తున్నాం."

ఇంకో తేదీ నొక్కింది. ఇంకోటి. అన్నిట్లోనూ ఆమే. నాలుగు ముక్కల్లో చదివిన వాక్యాలు, అక్కడి మాట తీసి ఇక్కడ అతికిస్తే తప్ప పూర్తి కాని వాక్యాలు. ఫ్యాను ఏ రోజుదానిలోనూ వినబడలేదు.

ఒక తేదీలో ఆమె గొంతు విసుక్కుంది. "మీ చెవికి వినబడేది ఫ్యాను ఒక్కటేనా?" అంది. ఆ వెంటనే తన నవ్వు తనకే వినబడింది, మేనేజరు నవ్వు.

ఆయన అన్నాడు. "అదొక్కటే మేడం."

టీ తాగి వచ్చిన అమ్మాయి తలుపు కొట్టింది. ఆమె తలుపు తీసింది. మొహం మామూలుగానే ఉంది. "తుడిచేయకు," అని మాత్రం చెప్పింది.

పదకొండింటికి స్టూడియోలో కూర్చుంది. ఆ రోజు మనసంతా కళ్లలో పెట్టుకొని చదివింది. ఒక్కో మాటనూ చేత్తో ముట్టుకొని చూసినట్టు చదివింది. చదివిన పేజీని కుడి పక్కన బోర్లా పెట్టింది. అయ్యాక మీట నొక్కి, తన గదికి వెళ్లి ఇంకో కాగితం తీసుకుంది. ఈసారి రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఆ రెండు గంటలు ఆయన నా తప్పులు సరిచేయడానికి పట్టిన సమయమని, లైవ్ ఆపించింది నన్ను నలుగురిలో నవ్వులపాలు కాకుండా చూడటానికని, తీసేయవలసిన పోస్టు ఏదో ఇప్పుడు పునరాలోచించాలని రాసింది. కవరులో పెట్టి, అంటించకుండా ఆయన ఇంటికి వెళ్లింది. పంపేముందు ఆయనకు చూపించడం మర్యాద అనుకుంది.

మేడ మీద రెండు గదుల వాటా. మెట్ల మలుపులో ఎవరి సైకిలో అడ్డంగా ఉంది. తలుపు తీసింది ఆయన భార్య.

"రండి మేడం," అంది.

ఇన్నేళ్లూ ఆవిడ ఆమెను వదిన గారూ అని పిలిచేది.

ముందు గదిలో ఇంజినీరు గారు నేల మీద పాత దినపత్రిక పరుచుకొని ఇస్త్రీపెట్టె విప్పుతున్నాడు. మరలు వరుసగా సీసా మూతలో వేసి ఉన్నాయి. లేవబోయాడు. ఆమె చేత్తో వద్దని, కుర్చీలో కూర్చుని కవరు ఇచ్చింది. ఆయన చేతులకు మసి ఉందని భార్య అందుకుంది. కిటికీ దగ్గర నిలబడి, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది.

"ఇది పంపారా?"

"రేపు పంపుతాను."

"పంపితే ఏమవుతుందో ఆలోచించారా?" ఆవిడ గొంతు పెంచలేదు. "పై మూడూ నిజమే, చేర్చేదేమీ లేదు అని ఈయన సంతకం పెట్టిచ్చారు. ఇప్పుడు మీరు ఇది పంపిస్తే ఈయన అబద్ధపు సంతకం పెట్టినట్టేగా. రెండేళ్లు ఆఫీసును మోసం చేసినట్టేగా. రికార్డింగులో ఏం జరుగుతోందో పైకి చెప్పడం ఈయన డ్యూటీ అట. విచారణ అంటారు. రావాల్సింది ఆపేస్తారు. మీకు మనసు తేలికవుతుంది. మేం మళ్లీ ఆ ఆఫీసు మెట్లు ఎక్కాలి."

"ఆయన్ని మళ్లీ తీసుకుంటారని..."

"చెవిటాయన్ని తీసుకుంటారా? అది కూడా మీరే రాశారుగా."

"ఊరుకో," అన్నాడు ఇంజినీరు గారు ఇస్త్రీపెట్టెలోకి చూస్తూ.

"ఊరుకునే ఇక్కడిదాకా వచ్చాం." ఆవిడ కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, కవరులో పెట్టి, ఆమె ఒళ్లో పెట్టింది. విసిరేయలేదు. పెట్టింది.

ఆమె కవరు రెండు చేతులతో పట్టుకుంది. "ఒక్క మాట నాకు చెప్పి ఉండాల్సింది మీరు," అంది ఆయనతో.

"ఎలా చెప్పను మేడం?" ఆయన మర ఒకటి చేతిలో దొర్లించాడు. "మొదట్లో అలసట అనుకున్నాను. సెలవు పెడితే పోతుందనుకున్నాను. తర్వాత ఒకరోజు చెబుదామని మీ గదికి వచ్చాను. మీరు అప్పుడు నా చెవి గురించి మాట్లాడారు. ఎవరికీ చెప్పనులెండి, నేనున్నానుగా అన్నారు. ఇక నోరు రాలేదు."

ఆమెకు ఆ రోజు గుర్తుంది. ఎంతో పెద్ద మనసుతో అన్నాననుకున్న మాట అది.

"డాక్టరుకు చూపించుకోండి," అన్నాడు. "ఆలస్యం చేయకండి."

భార్య లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు చేతికివ్వకుండా కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టింది. గూట్లో రేడియో ఉంది. ఆవిడ దాని వంక చూసి, మొగుడి వంక చూసింది. ఆయన గోడ గడియారం చూశాడు. ఆరు కావస్తోంది.

"ఇవాళ వద్దులే," అంది భార్య.

"పెట్టు," అన్నాడు ఆయన.

ఆమె లేవబోయి, లేవలేకపోయింది. లేస్తే పారిపోయినట్టుంటుంది.

కార్యక్రమం మొదలైంది. గదిలో ముగ్గురున్నారు, నాలుగోది ఆమె గొంతు. ఇంజినీరు గారు చేతులు గుడ్డతో తుడుచుకొని లేచి, గూటి దగ్గర నిలబడి, రేడియో ముందు భాగం మీద అరచెయ్యి ఆనించాడు. తల వంచుకొని కళ్లు మూసుకున్నాడు. ఆమె ఒక్కో మాటా పట్టి వింది. బాగానే ఉంది. ఇవాళ జాగ్రత్తగానే చదివింది కదా. ఎక్కడో ఒక పేరు కాస్త నలిగింది. తర్వాత ఒకచోట వాక్యం రెండో సగం ముందు వచ్చింది. అది ఆమె చెవికి తగిలింది, ఆయన తల ఇంకా వంగింది. చివర్లో సెలవు చెప్పేటప్పుడు వారం తప్పు చెప్పింది. మూడు. మూడే. ఎవరైనా పొరపడరా ఆ మాత్రం అనుకుంది. కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

భార్య రేడియో కట్టేసింది. కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు.

"ఇవాళ మూడుచోట్ల పోయింది కదూ?" అంది ఆమె.

ఇంజినీరు గారు వచ్చి మళ్లీ దినపత్రిక ముందు కూర్చుని, సీసా మూతలోంచి ఒక మర ఏరుకున్నాడు. వినబడలేదేమో అనుకొని, ఆమె ఆయన ఎడమ పక్కకు వంగి ఇంకోసారి అడిగింది.

"వినబడింది మేడం," అన్నాడు ఆయన. "పదకొండు."